బడిలో స్వరాజ్యము

స్వరాజ్యమనగా పరుల పాలన తొలగుట మాత్రమే కాదు. తన్ను తాను ఏలుకొనుట యెఱిగి, తోడివారితో కలిసి మెలగుట నేర్చిన ప్రజయొద్దనే స్వరాజ్యము నిలుచును. మొదటిది మనకు 1947లో లభించినది. రెండవదానిని ఏ శాసనమును తెచ్చి మన చేతిలో పెట్టజాలదు. ప్రతి తరమువారును దానిని ఓనమాలనుండి నేర్చుకొనవలసినదే. దానికి తగిన కాలము బాల్యము. తగిన చోటు బడి. ఐనను మన బడులలో లెక్కలకు వేళ కలదు, ఆంగ్లమునకు వేళ కలదు, రెండు పరీక్షల నడుమ మఱొక పరీక్షకు సైతము వేళ కలదు. కోపము వచ్చినపుడు ఏమి చేయవలెనో, ఓడినపుడు ఎట్లు నిలువవలెనో, తనవంటివాడు కానివాని ప్రక్కను ఎట్లు కూర్చుండవలెనో బిడ్డకు నేర్పుటకు మాత్రము వేళ లేదు. ఈ లోపమును గూర్చి పాఠకులకు కొన్ని మాటలు విన్నవింపగోరుచున్నాము.

ఒకానొక పట్టణపు పాఠశాలకు మేము పనిమీద పోయియుండగా కన్నులార చూచిన సంగతి యిది. బాలురిద్దఱు ఒక జామెట్రీ పెట్టెకై పెనుగులాడిరి. పెట్టె విఱిగినది. ఉపాధ్యాయుడు వచ్చి, ఎవరిని ఏమియు నడుగక, ఇద్దఱికిని చెరి రెండు దెబ్బలు వడ్డించి, చేతులు కలుపుడని గద్దించెను. చేతులు కలిసినవి, కన్నులు కలియలేదు. సాయంకాలము గంట మ్రోగిన పిమ్మట ఆ బాలురే గేటు వెలుపల మఱల కలియబడిరి. ఈ మాఱు ఒకడు రెండవవానిని కులము పేరెత్తి తిట్టెను. ఆ తిట్టు వానికి ఏ పాఠ్యపుస్తకమును నేర్పలేదు. దానిని మఱపించు పాఠమును సైతము ఏ పుస్తకమును నేర్పలేదు. ఆ ఉపాధ్యాయుడు దుర్మార్గుడని మేమనము. గదినిండ పిల్లలను పెట్టుకొని, పైయధికారులకు పంపవలసిన లెక్కలు బల్లమీద పేర్చుకొని కూర్చున్నవాడతడు. తగవు తీర్చు విద్యను అతనికిని ఎవరును గఱపలేదు.

ఇది పిల్లల తగవు, దీనికింత చర్చ యేల యని కొందఱనవచ్చును. చిన్ననాడు తీఱని తగవే పెద్దనాడు ఊరి తగవగుచున్నది. బయటికి పోరాటమై కనబడునది కొందఱి విషయమున మాత్రమే. పెక్కుమంది బిడ్డలలో అది లోలోపలనే అణగియుండును. జాతీయ నేరగణాంక సంస్థవారి లెక్కనుబట్టి 2022వ సంవత్సరములో మన దేశమున 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలోనే ఇరువదిమందికి తక్కువకాని విద్యార్థులు లోకము విడిచిరి. ఆ ఫలితముల ప్రకటనలోనే తప్పులు దొరలినవని విచారణ సంఘము తేల్చినది. ఇన్ని మరణములకు ఒక్కటే కారణము చెప్పుట తగదు. ఇంటి యిక్కట్లు కలవు, వ్యాధులు కలవు, పరీక్షల పద్ధతిలోని క్రౌర్యము కలదు. కాని దిగులు ముంచుకొని వచ్చినపుడు దానిని నోట పలుకుటకును, పలికినవానిని పరిహసింపక వినుటకును మన పిల్లలకు పదునైదేండ్ల చదువులో ఒక్కనాడైనను నేర్పితిమా? ఈ ప్రశ్నకు పెద్దలమైన మనమందఱము ఉత్తరవాదులము.

మనకు నీతిబోధ లేకపోలేదు. సుమతి, వేమన శతకములను మన బాలురు తరతరములుగా కంఠస్థము చేయుచున్నారు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను వెలువరించిన నాటనుండి ఎన్ని తరముల విద్యార్థులు మిత్రలాభ మిత్రభేదములను వల్లించిరో లెక్కలేదు. ఈ సొత్తును మేము చులుకన చేయము. ఐనను పద్యము వచ్చుట వేఱు, ఆ పద్యము చెప్పిన నడవడి వచ్చుట వేఱు. ఒడ్డున కూర్చుండి ఈతను గూర్చిన పద్యమును నూఱుమార్లు చదివినవాడు నీటిలో దిగిన క్షణముననే మునుగును. ఓర్పు, జాలి, సత్యము, స్నేహము అనునవి చెప్పగా వచ్చునవి కావు. చేయగా చేయగా వచ్చునవి. కాబట్టి తరగతిగదిలో వానిని చేయించు పనులు కావలెను. మా వాదమంతయు ఇంతే.

నేడు ఇతర దేశములవారు ఈ విద్యకు సాంఘిక భావోద్వేగ విద్య యని పేరిడి, దానిని శాస్త్రముగా పెంచుచున్నారు. అమెరికాలో 1994లో ఇందులకై యేర్పడిన సంస్థవారు దీనికి అయిదంగములు చెప్పిరి: తన మనస్సును తానెఱుగుట, దానిని అదుపులో నుంచుకొనుట, ఇతరుల మనస్సు నెఱుగుట, వారితో పొందిక కలిగి మెలగుట, మంచిచెడ్డలు తూచి నిర్ణయించుకొనుట. ఇట్టి శిక్షణలపై జరిగిన 213 పరిశోధనలను, 2,70,000 మంది విద్యార్థులకు సంబంధించిన ఫలితములను క్రోడీకరించి 2011లో ఒక సమీక్షను ప్రకటించిరి. శిక్షణ పొందిన పిల్లల నడవడి బాగుపడుటయే కాక, చదువు సైతము పెరిగెనని అందు తేలినది. ఎంత పెరిగినదనగా, నూఱు మెట్ల నిచ్చెనలో 50వ మెట్టున నిలిచిన బాలుడు 61వ మెట్టు చేరినంత. బయటినుండి వచ్చిన నిపుణులకంటె తరగతి ఉపాధ్యాయులు నేర్పినపుడే ఈ మేలు చక్కగా కలిగెననియు ఆ సమీక్షయే చెప్పుచున్నది. మన జాతీయ విద్యావిధానము 2020లో ఈ విద్యను పేర్కొన్నది. ఢిల్లీ ప్రభుత్వమువారు 2018 జూలైలో తమ పాఠశాలలయందు ఎనిమిదవ తరగతివఱకు ప్రతిదినమును ఆనందపాఠము అను పేర, పరీక్షలు లేని ఒక వేళను ప్రారంభించిరి.

ఇది పాశ్చాత్యుల సరకని ముఖము చిట్లింపనక్కఱలేదు. రవీంద్రుడు 1901లో శాంతినికేతనమున బడి పెట్టినపుడు చెట్లనీడను, పాటను, ఆటను గురువులుగా నియమించెను. గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, దండనలేని బడి నడుచునని చూపెను. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనిని, శీలమును జోడింపగోరినది. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని అధ్యక్షతన జరిగిన విద్యాసభ చేతిపని కేంద్రముగా గల ప్రాథమిక విద్యను కోరినది. దానికి పాఠ్యప్రణాళికను సిద్ధముచేసిన సంఘమునకు జాకిర్ హుస్సేను అధ్యక్షుడు. తల, హృదయము, చేయి మూడును కలిసి పెరుగవలెనన్నదే ఆ మహాత్ముని కోరిక. ఆ త్రోవలో మనము నాలుగడుగులు వేసి నిలిచిపోతిమి. ఇపుడు లోకము తిరిగి ఆ త్రోవకే వచ్చుచుండగా మనము వెనుకబడుట తగదు.

ఇక చేయవలసిన పనులేవి? మొట్టమొదటిది మనస్సునకు మాటలనిచ్చుట. పేరు తెలియని నొప్పిని వైద్యునికెట్లు చెప్పగలము? ఈ విషయమున మన తెలుగు పేదది కాదు. తల్లి ఊరికి పోయిన బిడ్డకు కలుగునది బెంగ. రేపటి పరీక్షను తలచుకొన్నవానికి కలుగునది దిగులు. ఆటలో మోసపోయి ఏమియు చేయలేనివానికి కలుగునది ఉక్రోషము. తనవారు లాలించి పిలువవలెనని మూల కూర్చుండువానిది అలుక. క్రొత్తవారియెదుట నోరు పెగలనివానిది బెరకు. పదుగురిలో తన్ను తేలికచేయగా కలుగునది చిన్నతనము. ఇన్ని వన్నెలు గల భాషలో పుట్టిన బిడ్డకు మనము నేడు సాడ్, యాంగ్రీ అను రెండు మాటలు నేర్పి తృప్తిపడుచున్నాము. ఆంగ్లము నేర్వవలదని మేము చెప్పము. కాని మనస్సులోని మాట మాతృభాషలోనే మొదట పుట్టును. ఈ వేళయొక్కటి తెలుగులోను, తెలుగు మాతృభాషగా లేని బిడ్డలకు వారి యింటి భాషలోను సాగవలెను.

దీనికి పెద్ద సామగ్రి యక్కఱలేదు. ఆఱు కొబ్బరిచిప్పలను గది గుమ్మమునొద్ద నుంచి, ఒక్కొక్కదానిపై బెంగ, దిగులు, కోపము, బెరకు, సంతోషము, నెమ్మది యని వ్రాసిన చీటీలు అంటింపవలెను. ఉదయమున లోనికి వచ్చుచు ప్రతి పిల్లవాడును ఒక చింతపిక్కను తనకు తోచిన చిప్పలో వేయును. ఎవరు దేనిలో వేసిరో అడుగరాదు. పిక్కలు లెక్కించినచో ఆనాటి తరగతి మనస్సు ఉపాధ్యాయునికి ఒక్కచూపులో తెలియును. దిగులు చిప్ప నిండియుండిననాడు పరీక్ష మాట కొంచెము వెనుకకు పెట్టవచ్చును. బెంగ చిప్పలో ఒకే పిక్క యున్నను, ఈ నలుబదిమందిలో ఒకనికి మనస్సు బాగులేదని తక్కినవారందఱికిని తెలియును. ఆ తెలియుటయే సానుభూతికి మొదటిమెట్టు.

రెండవది వలయముగా కూర్చుండుట. వరుస బల్లలయందు పిల్లవాడు చూచునది ముందున్నవాని వీపు. వలయములో చూచునది తోడివారి ముఖము. వారమునకు రెండుమార్లు అర్ధగంటసేపు బల్లలు ప్రక్కకు జరిపి, ఉపాధ్యాయుడును పిల్లలతోపాటు నేలమీద కూర్చుండవలెను. ఒక బంతి చేతులు మాఱును. బంతి యెవనిచేత నున్నదో వాడే మాటలాడును; తక్కినవారు వినవలెను. చెప్పుటకిష్టము లేనివాడు బంతిని ముందునకు పంపవచ్చును. వానిని ఏలయని అడుగరాదు. మొదట కష్టములు చెప్పుమనరాదు. నిన్న నిన్ను నవ్వించినదేది, నీకు సాయము చేసినవారెవరు, నీవెవరికి సాయము చేసితివి అను తేలిక ప్రశ్నలతో ప్రారంభింపవలెను. ఇందు పిల్లలు నేర్చునది మాటలాడుట యని పైకి తోచును. నిజమునకు వారు నేర్చునది వినుట. మన శాసనసభలు జరుగు తీరు చూచినవారికి ఈ విద్య యెంత యవసరమో మేము చెప్పనక్కఱలేదు.

మూడవది కథను నడుమ నిలుపుట. మిత్రలాభమునందు చిత్రగ్రీవుడను పావురాలఱేడు పరివారముతో వలలో చిక్కును. అన్నియు ఒక్కమాఱుగా లేచి వలతోకూడ ఎగిరిపోవును. పిమ్మట హిరణ్యకుడను ఎలుక వల కొఱుక వచ్చి, తన మిత్రుడగు ఱేని బంధములను ముందుగా తెంపబోవును. ఇచ్చట కథ నాపి, ఉపాధ్యాయుడు అడుగవలెను: మీరే చిత్రగ్రీవుడైనచో ఏమందురు? ఒకడు నన్నే ముందు విడిపింపుమనును. వానిని గద్దింపరాదు, వాడు నిజము చెప్పినాడు. ఏలయని అడుగవలెను. ఎలుక పండ్లు అరిగిపోయిన యెడల చివర మిగిలిన పావురము గతియేమని మఱొకడడుగును. చర్చ పుట్టును. కడపట, తనవారిని ముందు విడిపింపుమని చిత్రగ్రీవుడు చెప్పిన మాట వినబడినపుడు ఆ బిడ్డలకు అది నీతివాక్యముగా తోచదు. తామే వెదకికొన్న సమాధానముగా తోచును. ఈ కథను వల్లెవేయించినచో మార్కులు వచ్చును. ఇట్లు నిలిపి నడిపినచో నాయకత్వము వచ్చును.

నాలుగవ పనికి మన దేశమున ప్రత్యేకమైన ప్రయోజనము కలదని మా నమ్మకము. 1971లో అమెరికా టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున తెల్లవారి పిల్లలను, నల్లవారి పిల్లలను, మెక్సికో సంతతివారి పిల్లలను ఒకే తరగతులలో కలిపిరి. కలిపినంతమాత్రమున వారు కలియలేదు, కలహములు చెలరేగినవి. ఎలియట్ ఆరన్‌సన్ అను మనశ్శాస్త్రవేత్త తరగతులను పరిశీలించి, తప్పు పిల్లలలో కంటె పోటీ నేర్పు పద్ధతిలో నున్నదని గ్రహించెను. ఉపాధ్యాయుడు ప్రశ్న వేయును, చేతులు లేచును, ఒకడు చెప్పును, తక్కినవారు వాడెపుడు తప్పునాయని కాచుకొనియుందురు. అతడు ఈ పోటీని తీసివేసి, పాఠమును ముక్కలుచేసి, వివిధ జాతుల పిల్లలు కలిసిన చిన్న జట్లకు పంచియిచ్చెను. ప్రతి బాలునిచేతను ఒక్క ముక్కయే యుండును. తక్కిన ముక్కలు కావలెనన్న తోడివారినడుగవలెను, శ్రద్ధగా వినవలెను. కొలది వారములలోనే పిల్లల నడుమ స్నేహము పెరిగినదనియు, వెనుకబడిన పిల్లల చదువు మెఱుగైనదనియు అతడును అతని శిష్యులును ప్రకటించిరి.

ఈ పద్ధతిని మన బడిలో ఎట్లు నడుపవచ్చునో చెప్పెదము. కృష్ణానదిని గూర్చిన పాఠమును తీసికొందము. అయిదుగురు పిల్లల జట్టులో ఒకనికి మహాబలేశ్వరమునొద్ద నది పుట్టుక, ఒకనికి తుంగభద్రాది ఉపనదులు, ఒకనికి 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరిచ్చిన నాగార్జునసాగరము, ఒకనికి విజయవాడయొద్ద 1855లో పూర్తియైన ఆనకట్టయు 1957లో వచ్చిన ప్రకాశము బరాజును, ఒకనికి దివిసీమయు సాగరసంగమమును ఈయవలెను. అన్ని జట్లలోను నాగార్జునసాగరము వచ్చినవారు మొదట ఒకచోట చేరి, దానిని బాగుగా చదివి, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకొని, మఱల తమ తమ జట్లకు వచ్చి చెప్పవలెను. తక్కినవారును అట్లే. ఈ లోపల ఉపాధ్యాయుడు గదిలో తిరుగుచు, తడబడువానికి తోడ్పడుటయే పని. జట్లను ఎవరిష్టము వచ్చినట్లు వారు కూర్చుకొనరాదు. అట్లయిన వీధులు వచ్చి బడిలో కూర్చుండును. మాలపల్లె బాలుడు తెచ్చిన ముక్క లేనిదే పెద్దవీధి బాలునికి నది సముద్రము చేరదు. వడ్రంగివాని కూతురు చెప్పనిదే కరణముగారి మనుమనికి ఆనకట్ట తెలియదు. అంటరానితనమును రాజ్యాంగపు 17వ అధికరణము రద్దుచేసినది. దానిని మనస్సులనుండి రద్దుచేయుటకు ఇట్టి పాఠములు వేలకొలది కావలెను.

అయిదవది తగవు తీర్చుట. పైన చెప్పిన జామెట్రీ పెట్టెను మఱల తలచుకొందము. ఆ యిద్దఱిని మొదట వేఱువేఱుగా కూర్చుండబెట్టి, ఊపిరి కుదుటపడనిచ్చి, పిమ్మట ఎదురెదురుగా పిలువవలెను. నియమమొక్కటే: తన మాట చెప్పుటకు ముందు ఎదుటివాడు చెప్పిన మాటను వాడు ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పవలెను. పెట్టె మా నాయన తెచ్చినాడు, అడుగకుండ తీసినాడు, అని ఒకడనును. అడిగినను ఎన్నడును ఈయడు, అందఱికిని ఇచ్చి నాకు ఈయడు, అని రెండవవాడనును. ఈ రెండవ మాట దెబ్బలకు ఎన్నటికిని బయటపడియుండదు. తగవు పెట్టెను గూర్చినది కాదు, వెలివేతను గూర్చినదని అపుడు తెలియును. విఱిగినదానిని ఎట్లు సరిచేయవలెనో వారినే చెప్పుమనవలెను. మన ఊళ్లలో రచ్చబండ తీర్పులలో న్యాయమును కలదు, అన్యాయమును కలదు. ఇరువురి మాటయు వినుట యను వానిలోని మంచిని మాత్రము బడికి తెచ్చుకొనవచ్చును.

ఆటలను గూర్చి ఎక్కువ వ్రాయనక్కఱలేదు. చెడుగుడులో బయటికి పోయినవాడు తోడివాని గెలుపుచేతనే లోనికి వచ్చును. వామనగుంటలలో తన వంతు వచ్చువఱకు చేయి ముడుచుకొనవలెను. బుఱ్ఱకథలో కథకుడు ఒక్కడే యున్న కథ నడువదు. ప్రక్కనున్న వంతలిద్దఱును అందుకొన్నపుడే నడుచును. ముగ్గురు పిల్లలచేత వారమున కొక చిన్న కథ చెప్పించి, వేషములు మార్చుచు పోయినచో, నేడు ముందు నిలిచినవాడు రేపు ప్రక్క నిలుచుట నేర్చును. ఇవి మన యిండ్లలోను వీథులలోను ఊరక దొరకిన చదువులు. వీథులు బండ్లపాలై, సాయంకాలములు ట్యూషన్లపాలై, మిగిలిన గడియ చేతిఫోనుపాలైన యీ కాలమున వానిని బడియే కాపాడవలెను.

కెనడా దేశమందలి టొరంటోలో 1996లో మేరీ గార్డన్ అను ఉపాధ్యాయిని ఒక వింత పాఠమును ప్రారంభించినది. ఇరుగుపొరుగున నుండు తల్లి తన పసిబిడ్డను ఏడాదిపొడవున అపుడపుడు తరగతికి తీసికొనివచ్చును. పిల్లలు చుట్టు కూర్చుండి, బిడ్డ ఏల యేడ్చెను, ఏల నవ్వెను, దానికేమి కావలెనని ఊహింతురు. మాటలు రాని ప్రాణి మనస్సు గ్రహింప నేర్చినవాడు మాటలు వచ్చినవాని మనస్సును గ్రహింపకపోడు. మన పల్లెలలో బడిప్రక్కనే అంగన్‌వాడీలున్న చోట్లు పెక్కులు. నడుమనున్న గోడలో ఒక తలుపు తెఱచిన చాలును, ఖర్చు లేదు.

మధ్యాహ్నభోజనమును కూడ మేము పాఠముగానే యెంచుచున్నాము. వండిన అన్నమును బడులలో పెట్టవలెనని సుప్రీముకోర్టు 2001 నవంబరులో ఆజ్ఞాపించినది. వంటవారి నియామకమున దళితులకు ప్రాధాన్యమీయవలెనని 2004లో చెప్పినది. ఆ పంక్తిలో ఎవరు వడ్డించుచున్నారు, ఎవరు ఎవరి ప్రక్క కూర్చుండుచున్నారు, ఎవరు తమ పళ్లెము దూరముగా జరుపుకొనుచున్నారు అని చూచు ఉపాధ్యాయుడు దినమునకొక గొప్ప పాఠము చెప్పగలడు. వడ్డన, ఊడ్పు, మొక్కలకు నీరు అనునవి వంతుల ప్రకారము అందఱికిని రావలెను. బాలురకును, బాలికలకును, ఉపాధ్యాయులకును. ఒక కులపు పిల్లలకే చీపురు, బాలికలకే చెంబు అప్పగించునట్టి బడి పని నేర్పుటలేదు, పాపము నేర్పుచున్నది.

ఇంతవఱకు చేయదగిన పనులు చెప్పితిమి, చేయరానివియు చెప్పవలెను. కన్నులు మూయించి నిశ్శబ్దముగా కూర్చుండబెట్టుటయే ఈ విద్యయంతయు నని కొందఱు భ్రమపడుచున్నారు. బ్రిటనులో 85 పాఠశాలలయందు 11 మొదలు 14 ఏండ్ల వయసుగల ఎనిమిదివేలకు మించిన పిల్లలతో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో, అన్ని తరగతులకును ఇచ్చిన ధ్యానశిక్షణ అప్పటికే జరుగుచుండిన మామూలు బోధకంటె మేలైనదని తేలలేదు. ఊపిరి నిలుపుకొనుట మంచిదే. కాని తోడివానితో మాటలాడవలసిన గడియను కూడ కన్నులు మూసికొని గడపుట యీ విద్య కాదు.

ఈ విద్యకు మార్కులు పెట్టరాదు. దయకు ఎనుబది, ఓర్పునకు డెబ్బదియైదు అని పట్టికలు వేసిననాడు పిల్లలు దయను నటించుట నేర్తురు. తల్లిదండ్రులు దానికి కూడ ట్యూషను పెట్టింతురు. ఏ బిడ్డనైనను ఇంటి గుట్టు పదుగురిలో విప్పుమని బలవంతపెట్టరాదు. ఎవరైన బిడ్డ తనకు జరుగుచున్న హింసను, లేక బ్రతుకుపై విసుగును ఉపాధ్యాయునితో చెప్పుకొన్నచో, అతడు దానిని రచ్చకెక్కింపరాదు, కొట్టిపాఱవేయరాదు. ఇంటివారిలో నమ్మదగినవారికిని వైద్యునికిని తెలుపవలెను. బాలల రక్షణకు 1098, మనోవేదనకు 14416 అను టెలిఫోను సంఖ్యలను ప్రతి పాఠశాల గోడమీదను వ్రాయించుట కనీసధర్మము.

అన్నిటికంటె ముఖ్యమైనది బెత్తము. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. చట్టము పుస్తకమున నున్నది. బెత్తము బల్లమీద నున్నది. ఉదయము వలయములో కోపమును అణచుకొనుటను గూర్చి పాఠము చెప్పి, మధ్యాహ్నము తానే కోపముతో చేయెత్తు ఉపాధ్యాయుని చూచి పిల్లవాడు నేర్చునది యేది? ఉదయపు మాటను కాదు, మధ్యాహ్నపు చేతిని. పిల్లలు మనము చెప్పినది వినరు; మనము చేసినది చేయుదురు.

ఇట్టి పనులకు వేళ ఎక్కడిదని ప్రధానోపాధ్యాయులడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులు నడుపు బడులు మనకు కలవు. ఓట్ల పట్టికలకును జనాభా లెక్కలకును వారినే పంపుచున్నాము. ఆ భారము తగ్గింపవలసినది ప్రభుత్వము. ఐనను పైన చెప్పినవానిలో ముక్కల పాఠము భూగోళపు వేళలోను, కథ తెలుగు వేళలోను, పంక్తి భోజనపు వేళలోను, ఆట ఆటల వేళలోను నడచునవే. క్రొత్తగా కావలసినది వారమునకు ఒక గంట. తగవులకు, అలజడికి, నిశ్శబ్దము నిశ్శబ్దమని అఱచుటకు వారమున ఎన్ని గంటలు పోవుచున్నవో లెక్కించిన ఉపాధ్యాయుడు ఈ గంటను నష్టమనడు.

ఇది తల్లిదండ్రుల పని, బడి పని కాదని మఱికొందఱందురు. తల్లిదండ్రుల పనియే. కాని ఇంటిలో బిడ్డ తనవారిని మాత్రమే ప్రేమింప నేర్చును. తనవారు కానివారితో కూడి బ్రతుకుట నేర్చు మొదటి చోటు బడియే. దేశమనగా తనవారు కానివారితో కూడి బ్రతుకుటయే కదా! ఇట్టి బోధవలన పిల్లలు మెత్తబడుదురని, పోటీలోకమున వెనుకబడుదురని జంకువారును కలరు. ఏడుపు వచ్చినపుడు ఏడ్చి, లేచి, మఱల పనిలో దిగువాడు మెత్తనివాడా? మార్కులు తగ్గినవను ఒక్క మాటకు ప్రాణము విడుచునంతగా బిడ్డను ఒంటరిని చేసిన చదువు గట్టిదా? పాఠకులే తీర్పు చెప్పవలెను.

ఈ పత్రికను పఠనమందిరములలో చదువు పెద్దలకు మా మనవి యొక్కటి కలదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ సమావేశమైననాడు మన పెద్దలు ప్రభుత్వము కదలువఱకు కాచుకొని కూర్చుండలేదు; అయ్యంకి వేంకటరమణయ్య వంటివారు ఊరూర పుస్తకముల పెట్టెలు మోసిరి. నేడు మోయవలసిన బరువు అంతకంటె తక్కువ. మీ గ్రంథాలయమున ఆదివారము ఉదయము ఒక గంట పిల్లలను అన్ని వీధులనుండి పిలిచి, చాపమీద వలయముగా కూర్చుండబెట్టి, ఒక కథ చెప్పి నడుమ నిలుపుడు. మీ మనుమని బడికి పోయినపుడు మార్కులెన్నియని అడుగుటకు ముందు, ఇచ్చట తగవులెట్లు తీర్చుచున్నారని అడుగుడు. వాని ప్రక్కను ఎవరు కూర్చుండుచున్నారో తెలిసికొనుడు. ఇంటికి వచ్చిన పిల్లవానిని, నేడేమి చదివితివని కాక, నేడు నీ మనస్సెట్లున్నదని ఒక్కమాఱు అడిగి, వాడు చెప్పువఱకు ఓపికతో కూర్చుండుడు.

జెండా ఎగురవేయుట మన బిడ్డలకు చక్కగా వచ్చును. దాని నీడను ఒకరి ప్రక్క ఒకరు నిలుచుట వారికి నేర్పవలసియున్నది. అది వచ్చిననాడు గేటు వెలుపల ఆ బాలురిద్దఱును మఱల ఎదురుపడుదురు. చేతులు కలుపుడని ఎవరును వారిని గద్దింపనక్కఱ యుండదు.